గడియారం ముందుకు జరిగే ఆదివారం ఆవుల పాలు ఏ వేళకు తీయాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. రెండేళ్లుగా న్యూజిలాండ్‌లోని వైకాటో ప్రాంతంలో, నాలుగు వందల యాభై ఆవులున్న డెయిరీ ఫారంలో పనిచేస్తున్నాను. తెల్లవారుజామున 5 గంటలకూ మధ్యాహ్నం 3 గంటలకూ పాలు తీస్తాం. ఈ ఏడాది సెప్టెంబరు చివర మా యజమాని ఊళ్లో ఉండరు కాబట్టి మంద బాధ్యత, నాతో పనిచేసే ఇద్దరి బాధ్యత నా మీదే ఉంటుంది. సరిగ్గా అప్పుడే డేలైట్ సేవింగ్ మొదలై గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. ఇంటి దగ్గర మా గేదెలు వేళ కాస్త తప్పినా చేపేవి కావు. అందుకే భయంగా ఉంది. ఆవుల వేళను రోజుకు కొన్ని నిమిషాల చొప్పున జరపాలని ఒకరు, గడియారంతో పాటు ఒకేసారి మార్చేయవచ్చని మరొకరు, ఆవుల వేళను అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు చెబుతున్నారు. ఏది మంచిది? పాలు తగ్గిపోతాయా? ఏప్రిల్‌లో గడియారం వెనక్కు జరిగినప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించాలా?

సమాధానం: ముందుగా మీ భయం తీరే మాట చెబుతాను. ఈ ఒక్క గంట మార్పు వల్ల మీ మంద పాలు తగ్గిపోవు. అయినా సరే, మార్పును ఆదివారానికి ముందే, నాలుగు రోజుల మీద, రోజుకు పావుగంట చొప్పున చేయమనే నా సలహా. పాలు తగ్గనప్పుడు ఇంత శ్రమ ఎందుకని మీకు అనిపించవచ్చు. అందుకు కారణాలు పొదుగులో కన్నా మనుషుల్లోనూ, మందుల లెక్కలోనూ, పాల ట్యాంకర్ రాకలోనూ ఎక్కువగా ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కటిగా వివరిస్తాను.

మొదట పాల లెక్క చూద్దాం. సెప్టెంబరు చివర మీ ఆవులు ఈని కొన్ని వారాలే అయి ఉంటుంది, దిగుబడి శిఖరానికి చేరుతుంటుంది. ఒక ఆవు రోజుకు 24 లీటర్లు ఇస్తోందనుకుంటే, పొదుగులో గంటకు సుమారు ఒక లీటరు పాలు ఊరుతున్నట్టు. శనివారం మధ్యాహ్నం 3 గంటలకు పాలు తీసి, ఆదివారం కొత్త గడియారం ప్రకారం ఉదయం 5 గంటలకు మళ్లీ తీస్తే, మామూలుగా 14 గంటలుండే ఎడం ఆ ఒక్క రాత్రికి 13 గంటలే అవుతుంది. అందుచేత ఆ పూట ఆవుకు లీటరు చొప్పున, మంద మొత్తం మీద 450 లీటర్ల వరకు తక్కువగా కనిపిస్తుంది. ఇది ఆవు దాచుకున్న పాలు కాదు, ఎండిపోయిన పాలూ కాదు. ఆ ఆదివారానికి ఉన్నదే 23 గంటలు. లేని గంటకు పాలు ఉండవు. ఆ అంకె చూసి కంగారుపడి దాణా పెంచడం, ఆవులకు ఏదో జబ్బు చేసిందని అనుమానించడం అనవసరం. మధ్యాహ్నం పూట నుంచి ఎడాలు మళ్లీ పదికీ పద్నాలుగుకీ వస్తాయి, లెక్కా సర్దుకుంటుంది. ఎడం తగ్గిన పూట పాలలో వెన్న శాతం కొద్దిగా పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. మన ఊళ్లలో పొద్దుటి పాలకన్నా సాయంత్రం పాలకు పాల కేంద్రంలో వెన్న ఎక్కువ రావడానికి కారణం కూడా ఇదే.

ఎడం ఎంత మారితే నిజంగా నష్టం కలుగుతుందన్నది దీని వెంట వచ్చే ప్రశ్న. పొదుగులో పాలు నిండేకొద్దీ ఒత్తిడి పెరిగి, ఊరడం నెమ్మదిస్తుంది. అయితే ఆరోగ్యంగా ఉన్న ఆవులో సుమారు 16 గంటల వరకు ఈ తగ్గుదల పట్టించుకోదగినంతగా ఉండదు. పొద్దుటి పూటకూ మధ్యాహ్నం పూటకూ మధ్య 8 గంటలు, తరువాతి పూటకు 16 గంటలు ఎడం పెట్టుకుని నడుస్తున్న మందలు న్యూజిలాండ్‌లోనే ఎన్నో ఉన్నాయి. రెండు రోజుల్లో మూడు పూటలు మాత్రమే పాలు తీసే పద్ధతి కూడా అక్కడ వాడుకలో ఉంది. అలాంటి చోట 14 గంటల ఎడం ఒక్క రాత్రికి 13 కావడం ఆవుకు భారం కాదు.

మీ గేదెల అనుభవం అబద్ధమని నా ఉద్దేశం కాదు. చేపడమన్నది అలవాటు మీద నడిచే పని. మనిషి అలికిడి, దాణా బొచ్చె చప్పుడు, దూడ కుడవడం వంటి గుర్తులు అందితేనే ఆక్సిటోసిన్ హార్మోను విడుదలై పాలు చన్నుల్లోకి దిగుతాయి. గేదెల్లో పొదుగు అడుగు తిత్తిలో నిలవ ఉండే పాలు చాలా తక్కువ, చేపడానికి పట్టే సమయం ఎక్కువ. అందుకే వేళ తప్పినా, మనిషి మారినా అవి బిగబడతాయి. మీరిప్పుడు చూస్తున్న ఆవులకు వేళ కన్నా షెడ్డులోకి నడిచి రావడం, యంత్రం చప్పుడు, చన్నులకు తగిలించే యంత్రపు కప్పులు తగలడమే పెద్ద గుర్తులు. ఆ క్రమం మారనంతవరకు ఒక గంట ముందైనా అవి చేపుకు వస్తాయి. తొలి ఈత పడ్డల విషయంలో మాత్రం కొంచెం ఓపిక పట్టండి. షెడ్డుకు అలవాటుపడి వాటికి నెల రెండు నెలలే అయి ఉంటుంది కనుక, పూర్తిగా చేపకముందే కప్పులు పెట్టి, పాలు ఆగిపోయాయనుకుని తీసేస్తే పొదుగులో మిగులు ఉండిపోతుంది. రోజుకు పావుగంట చొప్పున జరపమనడానికి ఆవుల తరఫున ఉన్న కారణం ఈ పడ్డలే.

మేత విషయంలో ఈ మార్పు ఆవులకు అడ్డం రాదు. పచ్చికలో తిరిగే ఆవులు తెల్లవారుతున్నప్పుడు ఒకసారి, పొద్దు వాలుతున్నప్పుడు ఒకసారి గట్టిగా మేస్తాయి. ఈ వేళలను వాటికి చెప్పేది వెలుతురే. సెప్టెంబరు చివర మీ దగ్గర పాత గడియారం ప్రకారం 6 గంటల ప్రాంతంలో సూర్యోదయమైతే, కొత్త గడియారం ప్రకారం 7 గంటల ప్రాంతంలో అవుతుంది. 5 గంటలకే పాలు తీయడం మొదలుపెడితే మొదటి బారులు వెలుగు వచ్చేసరికి మడికి చేరి మేత అందుకుంటాయి. మధ్యాహ్నం పూట ముగిసినా సాయంత్రం మేతకు బోలెడు పొద్దు మిగులుతుంది. మార్పు తెలిసేది పొద్దున మందను లేపేటప్పుడు. ఇంకా పడుకుని నెమరు వేస్తున్న ఆవులను చిమ్మచీకట్లో గంట ముందుగా లేపుతారు కాబట్టి అవి బద్ధకంగా లేస్తాయి, నిదానంగా నడుస్తాయి. అప్పుడు తొందరపెట్టి బైకుతో వెనకనుంచి తోస్తే రాళ్ల దారిలో గిట్టలు దెబ్బతిని కుంటి ఆవులు పెరుగుతాయి. ఆ వారం పది పదిహేను నిమిషాలు ముందుగా వెళ్లి, వాటి నడక వేగంతోనే రానివ్వండి.

ఇక నేను సూచించే క్రమం. బుధవారం 4.45కు, గురువారం 4.30కు, శుక్రవారం 4.15కు, శనివారం 4 గంటలకు పొద్దుటి పూట మొదలుపెట్టండి. మధ్యాహ్నం పూటను కూడా ఇలాగే 2.45 నుంచి రోజుకు పావుగంట చొప్పున 2 గంటల దాకా తీసుకురండి. ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు 3 అవుతుంది కాబట్టి, కొత్త గడియారంలో 5 గంటలకు మొదలుపెట్టేసరికి ఆవులకు అది శనివారం నాటి వేళే. ఈ పనినే ఆదివారం తరువాత కూడా చేయవచ్చు కదా అని కొందరంటారు. ఆదివారం కొత్త గడియారంలో 6 గంటలకు మొదలుపెట్టి, గురువారానికి 5కు చేరుకునే పద్ధతి అది. మనుషుల నిద్రకు అది హాయిగా ఉంటుందని ఒప్పుకుంటాను. అయితే పాల ట్యాంకర్ మీ ఆవుల కోసం ఆగదు. అది గడియారాన్ని బట్టే నడుస్తుంది.

న్యూజిలాండ్ నిబంధనల ప్రకారం పాలు తీయడం మొదలుపెట్టిన 4 గంటల్లోగా అవి 10 డిగ్రీలకు చల్లబడాలి. ఆ తరువాత, మొదలుపెట్టిన 6 గంటలు, ముగించిన 2 గంటలు అనే రెండు గడువుల్లో ఏది ముందైతే ఆలోగా 6 డిగ్రీలకు దిగాలి. మీకు ఒక పూట పని రెండున్నర గంటలు పడుతుందనుకుందాం. 5కు మొదలుపెడితే 7.30కు ముగుస్తుంది, 9.30కల్లా పాలు చల్లబడి ఉంటాయి. 6కు మొదలుపెడితే ఆ గడువు 10.30కు జరుగుతుంది. ట్యాంకర్ 10 గంటలకు వచ్చేదైతే, అప్పటికి పాలు ఇంకా చల్లబడుతూనే ఉంటాయి. దిగుబడి శిఖరంలో ఉన్న వారాల్లో కూలర్ మీద భారం ఎలాగూ ఎక్కువే కాబట్టి ఈ ఇబ్బంది కొని తెచ్చుకోకపోవడం మంచిది. మీ పాలు కొనే సంస్థకు ముందు వారమే ఫోన్ చేసి, ఆ ఆదివారం ట్యాంకర్ ఏ వేళకు వస్తుందో కనుక్కోండి.

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది మందులు వాడిన ఆవుల లెక్క. ఈతల కాలం కనుక పొదుగువాపుకు యాంటీబయాటిక్ వేసిన ఆవులు మీ మందలో కొన్నైనా ఉంటాయి. వాటి పాలను ఎన్ని గంటలు వేరుగా ఉంచాలో మందు పెట్టె మీద రాసి ఉంటుంది. ఉదాహరణకు 72 గంటలనుకోండి. గురువారం ఉదయం 5కు చివరి మోతాదు వేసిన ఆవుకు ఆదివారం ఉదయం 5 అయ్యేసరికి గడియారం లెక్కలో 72 గంటలు నిండినట్టు కనిపిస్తాయి. నిజానికి గడిచింది 71 గంటలే. రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరుపుతున్నప్పుడు కూడా పూటల సంఖ్య సరిపోతుంది, గంటలు సరిపోవు. కాబట్టి గంటలూ పూటలూ రెండూ నిండాకే ఆ ఆవు పాలను కూలర్‌లోకి వదలాలి. అనుమానం ఉంటే ఇంకొక పూట ఆపండి. ఒక ఆవు పాలు ఒక పూట దూడలకు పోసినందువల్ల వచ్చే నష్టం స్వల్పం. మందు అవశేషం ఉన్న పాలు ట్యాంకర్‌లో కలిస్తే మీ పాలతో పాటు ఇరుగుపొరుగు ఫారాల పాలు కూడా పారబోయవలసి వస్తుంది, ఆ భారం మీ యజమాని మీద పడుతుంది. బుధవారం నుంచి సోమవారం దాకా మందు వేసిన ప్రతి ఆవుకూ షెడ్డు బోర్డు మీద ఏ రోజు, ఏ గంటకు విడుదల చేయాలో రాసి, ఆ గంట పాత గడియారం లెక్కో కొత్త లెక్కో కూడా పక్కనే రాయించండి. జున్నుపాల ఆవులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అక్టోబరులో ఎద కట్టించడానికి ఏవైనా ఆవులకు గంటల లెక్కన సూదులు వేసే కార్యక్రమం ముందే మొదలైతే, ఆ వేళలు ఆ ఆదివారం మీదుగా వస్తాయో లేదో పశువైద్యుణ్ణి అడిగి సరిచూసుకోండి.

మనుషుల సంగతి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. జూలై నుంచి ఈతలతో, దూడల పెంపకంతో అలసిపోయిన శరీరాల మీద ఈ మార్పు పడుతుంది. శనివారం నాటికి మీరు ముగ్గురూ మూడున్నర గంటలకే లేవాలి. మంచి నిద్ర ఉన్నవారికే అది కష్టం. న్యూజిలాండ్ పొలాల్లో ప్రాణాలు తీసే ప్రమాదాలకు నాలుగు చక్రాల క్వాడ్ బైకులు ఒక ముఖ్య కారణమని మీకు తెలిసే ఉంటుంది. చీకటి, నిద్రమత్తు, తడి నేల కలిసినప్పుడు ఆ బైకు మీద ఏటవాలు నేలకు వెళ్లడం ప్రమాదం. ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నం పూట తొందరగా ముగుస్తుంది కనుక, మిగిలిన ఆ సమయాన్ని కంచెల మరమ్మతులకో మరో పనికో వాడకుండా అందరినీ ఇంటికి పంపించండి. వీలైతే ముగ్గురిలో ఒక్కొక్కరికి ఒక్కో పొద్దుటి పూట సెలవు ఇవ్వండి. ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా మారుతుంది. ఇప్పటివరకు భారతదేశం కన్నా మీరు ఆరున్నర గంటలు ముందున్నారు, ఇకమీదట ఏడున్నర గంటలు ముందుంటారు. అమ్మానాన్నలకు ఆ సంగతి చెప్పి ఉంచితే, మీరు నిద్రపోతున్న వేళ ఫోన్ మోగకుండా ఉంటుంది.

గడియారాలన్నీ తమంతట తాము మారవు. చేతిలోని ఫోన్ మారుతుంది. షెడ్డు గోడ గడియారం, వేడినీళ్ల ట్యాంకు టైమరు, మడి గేటును వేళకు తెరిచే టైమరు చాలా చోట్ల చేత్తోనే మార్చాలి. గేటు టైమరు మార్చడం మరిస్తే మధ్యాహ్నం మంద గంట ఆలస్యంగా వస్తుంది, మీ నాలుగు రోజుల శ్రమ ఒక పూటలో పోతుంది. మీ మంద రోడ్డు దాటి షెడ్డుకు రావలసి ఉంటే, ఆ వేళ బడి బస్సు వేళతో కలుస్తుందేమో కూడా చూసుకోండి. బుధవారం నుంచి శుక్రవారం దాకా మీ ఆవులు పావుగంట, అరగంట, ముప్పావుగంట ముందుగా రోడ్డెక్కుతాయి, బస్సు మాత్రం పాత వేళకే వస్తుంది.

ఆవుల వేళను అసలు ముట్టుకోవద్దన్న మూడో సలహాలో కూడా న్యాయం ఉంది. ఆ పద్ధతిలో వేసవి పొడుగునా కొత్త గడియారం ప్రకారం ఉదయం 6కు, సాయంత్రం 4కు పాలు తీస్తారు. వైకాటోలో నడివేసవి నెలలైన జనవరి, ఫిబ్రవరిలో కొత్త గడియారం ప్రకారం సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంట దాటి ఇరవై ముప్పై నిమిషాలకు. అంటే గడియారం 3 చూపినప్పుడు ఎండ వేడి ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఆ నెలల్లో ఆ వేళ కాంక్రీటు ఆవరణలో ఆవులను గుంపుగా నిలబెట్టడం వాటికి హింసే. అది పాలలోనూ తెలుస్తుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం పూటను 4 గంటలకు, అవసరమైతే ఇంకా వెనక్కు జరపడం మంచిదనే నా అభిప్రాయం. అయితే ఆ మార్పుతో పనివాళ్ల సాయంత్రాలు, పిల్లల ఆటపాటలు, వేతనాల లెక్క అన్నీ కదులుతాయి. యజమాని లేని వారంలో మీరొక్కరే చేయవలసిన నిర్ణయం కాదది. ఆయన తిరిగి వచ్చాక ఎండలు ముదరకముందే ఈ మాట ఎత్తండి.

మరో మాట. ఈ గంట మార్పును రైతుల కోసమే పెట్టారని మీతో ఎవరైనా అంటే నమ్మకండి. న్యూజిలాండ్‌లో ఈ ఆలోచనను 1895లో వినిపించిన జార్జి హడ్సన్ వెల్లింగ్టన్‌లో తపాలా ఉద్యోగి. పని ముగిశాక పురుగులను సేకరించడానికి ఆయనకు సాయంత్రం వెలుతురు కావలసి వచ్చింది. థామస్ సైడీ అనే పార్లమెంటు సభ్యుడు ఏళ్ల తరబడి పట్టుబట్టగా 1927లో అది చట్టమైంది. మరుసటి ఏడాదే గంటను అరగంటకు తగ్గించారు. అమెరికాలో 1918లో వచ్చిన ఇలాంటి చట్టాన్ని రైతుల వ్యతిరేకత కారణంగా 1919లోనే, అధ్యక్షుడు విల్సన్ వీటో చేసినా లెక్కచేయకుండా రద్దు చేశారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ప్రజలు 1992 రిఫరెండంలో దీన్ని తిరస్కరించారు. మన దేశంలో కూడా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గడియారాన్ని గంట ముందుకు జరిపారు కానీ, యుద్ధం ముగిశాక మానేశారు. అందుకే ఈ ఇబ్బంది మీకూ మీ నాన్నగారి తరానికీ కొత్త. పాడిరైతు రోజు పట్టణం రోజుకన్నా ముందే మొదలవుతుంది. ఉదయపు వెలుతురును తీసుకువెళ్లి సాయంత్రానికి చేర్చే ఏర్పాటు అతనికి అనుకూలం కాదు, ఎన్నడూ కాలేదు కూడా.

చివరగా మీరు అడిగిన ఏప్రిల్ సంగతి. ఏప్రిల్ మొదటి ఆదివారం తెల్లవారుజామున 3 గంటలు 2 అవుతుంది. శనివారం మధ్యాహ్నం 3 నుంచి ఆదివారం ఉదయం 5 దాకా ఎడం 15 గంటలవుతుంది. అప్పటికి ఆవుల దిగుబడి బాగా తగ్గి ఉంటుంది కనుక పొదుగు ఆ అదనపు గంటను సులువుగా తట్టుకుంటుంది. అప్పుడు నాలుగు రోజుల సర్దుబాటు అక్కర్లేదు, ఒకేసారి మార్చేయండి. ఆ రోజుకు 25 గంటలు కాబట్టి సెప్టెంబరులో తక్కువగా కనిపించిన పాలకు బదులు ఆ పూట కాస్త ఎక్కువ కనిపిస్తాయి. గంట ముందే గేటు దగ్గర చేరి అరిచే ఆవులుంటాయి, రెండు మూడు రోజుల్లో అలవాటుపడతాయి. చన్నుల నుంచి పాలు కారుతున్న ఆవులేమైనా కనిపిస్తే వాటిని మాత్రం ముందు బారులో పెట్టి పాలు తీయించండి. పాలు కారే చన్ను తెరుచుకుని ఉంటుంది కనుక పొదుగువాపు సులువుగా పట్టుకుంటుంది. అప్పటికే రోజుకు ఒక పూటకు మారిన ఆవులుంటే వాటికి 24 గంటల ఎడం 25 గంటలవుతుంది. దిగుబడి తక్కువే కనుక దాన్నీ తట్టుకుంటాయి. ఆ శనివారం రాత్రి ఎవరైనా పనిలో ఉంటే, వారు ఒక గంట అదనంగా పనిచేసినట్టు. గడియారం చూసి రాసుకుంటే ఆ గంట లెక్కలోకి రాదు కాబట్టి, దాన్ని వారి హాజరు పట్టీలో మీరే విడిగా రాయండి.